అంతిమయాత్ర సర్వీసుల రేట్లు: హైదరాబాద్‌లో ఎవరిని ఏమడగాలి?

మూసీ_ఒడ్డు
నాన్నగారికి 81. క్యాన్సర్ చివరి దశ, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. ఇలాంటివి ఇప్పుడే అడగడం అమ్మకి ఇష్టం లేదు. కానీ ఆ రోజు ఫోన్ పట్టుకుని బేరాలాడే ఓపిక నాకుండదు. ఉప్పల్, ఎల్బీనగర్ వైపు ముగ్గురిని అడిగాను. ఒకాయన 22 వేలన్నాడు, ఇంకొకాయన 38 వేలు. మూడో ఆయన "మీ బడ్జెట్ చెప్పండి సార్, దాన్నిబట్టి చేద్దాం" అన్నాడు. ఎందులో ఏమేం ఉన్నాయో ఒక్కరూ రాసివ్వడం లేదు.

నాకు తెలియాల్సినవి: ప్యాకేజీ కాక పైన ఏ ఖర్చులు పడతాయి? తమ్ముడు డాలస్ నుంచి రావాలి, రెండు రోజులు పట్టొచ్చు, అన్నాళ్లు ఫ్రీజర్ బాక్స్‌ని నమ్మొచ్చా? మాది అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు, అసోసియేషన్‌తో ముందే మాట్లాడాలా? కరెంటు దహనానికి అమ్మని ఎలా ఒప్పించాలి?

బల్కంపేట_వాసి
మిగతావి వేరేవాళ్లు చెప్తారు, నేను బాక్స్ గురించే చెప్తాను. మా అత్తగారికి తెప్పించిన బాక్స్‌కి మూత దగ్గర రబ్బరు ఊడిపోయి ఉంది. చల్లదనం నిలవదు, గాజు లోపల అంతా చెమట పట్టేసింది. చూడ్డానికి వచ్చినవాళ్లకి ముఖం కనపడలేదు. మా ఆవిడ తెల్లవార్లూ కొంగుతో పైన తుడుస్తూనే ఉంది, తేమ లోపల ఉంటే పైన తుడిచి ఏం లాభం? ఫోన్ చేస్తే "మూత తీయకండి మేడమ్" అన్నారు. మేము తీస్తే కదా! వేరే బాక్స్ పంపమంటే మళ్లీ ట్రాన్స్‌పోర్ట్ 1,500 అడిగారు.

బాక్స్ దించగానే డబ్బులు ఇవ్వకండి. ప్లగ్ పెట్టి, లోపల చెయ్యి పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టనివ్వకండి, గోడకున్న పెద్ద సాకెట్‌కే పెట్టించండి. మీ అపార్ట్‌మెంట్ జనరేటర్ ఫ్లాట్‌లోకి ఇస్తుందా, లిఫ్టుకీ మెట్ల లైట్లకీ మాత్రమేనా? అది ఇవాళే కనుక్కోండి.

కాలనీ_సెక్రటరీ
మా దగ్గర 60 ఫ్లాట్లు, నేను సెక్రటరీని. బాక్స్ మామూలు లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు దగ్గర తిరగదు. అందుకే సెల్లార్‌లో రెండు కార్లు తీయించి షామియానా వేయిస్తాం. ముందే చెప్తే ఎవరూ కాదనరు. పైన ఇంట్లోనే పెట్టుకోవాలంటే మోసేవాళ్లు ఎంతమంది వస్తారో సర్వీసు వాళ్లని అడగండి. ఇద్దరే వస్తారు, మిగతాది వాచ్‌మన్ మీద పడుతుంది.

అద్దె_ఇల్లు
"ముందే చెప్తే ఎవరూ కాదనరు" అన్నారు. సొంత ఫ్లాటు ఉన్నవాళ్లని ఎవరు కాదంటారు సార్? మేము అద్దెకున్నాం. మా అమ్మ ఆస్పత్రిలో పోయింది. ఓనర్ గేటు దగ్గర నిలబడి, శవాన్ని లోపలికి తేవద్దు, శుభకార్యం ఉంది అన్నాడు. తొమ్మిదేళ్లు అద్దె కట్టిన ఇల్లది. రోడ్డు మీద వ్యాన్‌లోనే ఉంచి స్నానం కూడా చేయించకుండా శ్మశానానికి తీసుకెళ్లాం. రేట్లు పోల్చుకునే అవకాశం కూడా మాకు లేదు. వ్యాన్ డ్రైవరే అన్నీ మాట్లాడాడు, ఎంతంటే అంత ఇచ్చాం.

గోదారి_గట్టు
చదువుతుంటే కడుపు తరుక్కుపోతోంది. మా వైపు చావుకి ప్యాకేజీ ఏంటండీ? మా ఊళ్లో కబురు తెలిసిన గంటలో వెదురు కొట్టుకొచ్చేవాళ్లు కొట్టుకొస్తారు, పాడె కట్టేవాళ్లు కడతారు. పొయ్యి వెలిగించకుండా పక్కింటివాళ్లు అన్నం పంపుతారు. రాజమండ్రిలో అయితే రోటరీ వాళ్ల కైలాస భూమి ఉంది, శుభ్రంగా, పద్ధతిగా ఉంటుంది. సిటీలో మనుషుల్ని వదులుకుని ఇప్పుడు సర్వీసులు కొనుక్కుంటున్నారు.

కరీంనగర్_అక్క
తమ్ముడూ, ఆయన తండ్రి మంచం మీద ఉండి సలహా అడిగితే నువ్వు మనుషుల్ని వదులుకున్నారంటావా? మా ఊళ్లోనూ పాడె కట్టేవాళ్లున్నారు. కానీ మా బాపు పోయిన రోజు ఊళ్లో ఉన్న మగవాళ్లంతా అరవై దాటినవాళ్లే. పిల్లలంతా హైదరాబాద్, గల్ఫ్. మోయడానికి నలుగురు దొరకలేదు. చివరికి నేనూ మా చెల్లీ భుజం పట్టినం. ఊరు గొప్ప, సిటీ తక్కువ అనే మాటలు ఇక్కడొద్దు.

గోదారి_గట్టు
అక్కా, మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. కానీ అలవాటు పోతే మళ్లీ రాదు, అదే నా బాధ.

ఈసీఐఎల్_ఉద్యోగి
మూసీ_ఒడ్డు గారూ, 38 వేల ఆయన జీఎస్టీ కలిపి చెప్పాడా, కాకుండానా? మాకు బిల్లు చివర్లో 18 శాతం వేశారు. 2022లో శ్మశానాల మీద జీఎస్టీ పెంచారు కదా, అందుకే.

పన్నుల_లెక్క
తప్పు. జీఎస్టీ పని నాకు రోజూ ఉండేదే కాబట్టి గట్టిగా చెప్తున్నాను. అంత్యక్రియలు, ఖననం, దహనం, మార్చురీ, భౌతికకాయం తరలింపు, ఇవన్నీ సీజీఎస్టీ చట్టం మూడో షెడ్యూల్‌లో ఉన్నాయి. అంటే వీటి మీద పన్నే లేదు. 2022 జూలైలో 12 నుంచి 18కి పెరిగింది శ్మశానవాటిక కట్టే కాంట్రాక్టు పనుల మీద. దహనం మీద కాదు. అప్పుడు ఇదే పుకారు లేస్తే కేంద్రం వివరణ కూడా ఇచ్చింది. మీ దగ్గర వేసింది పన్ను కాదు, దోపిడీ. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందా?

ఈసీఐఎల్_ఉద్యోగి
నంబరు ఉంది. ఫ్రీజర్ బాక్స్ అద్దె, కుర్చీలు, షామియానా, పూలు, అన్నీ కలిపి వేశారు. కుర్చీల అద్దె అంత్యక్రియల సర్వీసు ఎలా అవుతుంది? టెంట్‌హౌస్ వాళ్లు పన్ను వేస్తారు కదా. దోపిడీ అనే ముందు బిల్లు చూడాలి.

పన్నుల_లెక్క
విడిగా టెంట్‌హౌస్ నుంచి తెస్తే వేరే మాట. మీరు తీసుకుంది అంత్యక్రియల ప్యాకేజీ, అందులో వ్యాన్ మీద, దహనం మీద కూడా 18 శాతం వేశారంటే అది ముమ్మాటికీ తప్పే. పదో రోజు భోజనాల క్యాటరింగ్ బిల్లులో పన్ను ఉంటే ఉంటుంది, దాన్నీ దీన్నీ కలపకండి.

ఈసీఐఎల్_ఉద్యోగి
వ్యాన్ వరకు ఒప్పుకుంటాను. కుర్చీల సంగతి మాత్రం మీరు తేల్చలేదు.

అంబర్‌పేట_బాబాయ్
పన్ను గొడవ ఆపండి. అసలు ఖర్చు కాటి దగ్గర ఉంటుంది. ప్యాకేజీలో అన్నీ ఉన్నాయంటారు, అక్కడికెళ్లాక కాటికాపరి 3 వేలు, కట్టెలు పేర్చినవాడు వెయ్యి, అస్థికలు ఏరిచ్చినవాడు 500, కుండ పగలగొట్టాక ఇంకొకడు చెయ్యి చాపుతాడు. ఏడుస్తున్న మనిషి జేబులో చెయ్యి పెట్టేవాళ్లని ఏమనాలి?

కాటికాపరి_కొడుకు
ఏమనాలో నేను చెప్తాను. మా నాన్న జీవితమంతా ఆ పనే చేశాడు. జీతం లేదు. మా ఇంట్లో అన్నం ఆ 500తోనే ఉడికింది. చితి అంటుకున్నాక మీరు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతారు. సగం కాలాక కట్టె జారితే వెదురుతో లోపలికి నెట్టేది ఎవరు? వానాకాలంలో తడి కట్టెతో రాత్రంతా మంట ఆరకుండా చూసేది ఎవరు? మా నాన్న చేతుల మీద వెంట్రుక ఉండేది కాదు. కోవిడ్‌లో సొంత కొడుకులు గేటు బయట నిలబడితే ఆయన ఒక్కడే ఎత్తాడు. కంపెనీ మీ దగ్గర 38 వేలు తీసుకుని మాకు 800 ఇస్తుంది. అడగాల్సింది కంపెనీని.

అంబర్‌పేట_బాబాయ్
బాబూ, మీ నాన్నగారిని అనలేదు. కానీ రేటు బోర్డు మీద రాసి ఉంటే ఎవరికీ గొడవ ఉండదు కదా. మేమిచ్చేది తెలిసి ఇస్తాం, మీరు తీసుకునేది గౌరవంగా తీసుకుంటారు.

కాటికాపరి_కొడుకు
బోర్డు పెట్టమని మేమూ అడుగుతున్నాం. ప్యాకేజీ మాట్లాడేటప్పుడు "కాటి పనివాళ్లకి ఇందులో ఎంత ఇస్తున్నారు, మా ముందే ఇస్తారా" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే చాలామంది తడబడతారు.

ఆస్టిన్_తెలుగు
అమెరికాలో ఈ ఒక్క విషయం బాగుంది. 1984 నుంచి ఫ్యునరల్ రూల్ అని ఉంది. ఫోన్‌లో అడిగినా ధర చెప్పాలి, వెళ్లి అడిగితే ప్రతిదానికీ విడివిడి రేటున్న లిస్టు చేతికివ్వాలి. శవపేటిక బయట కొనుక్కొస్తే కాదనకూడదు, దానికి అదనంగా డబ్బు వేయకూడదు. అయినా ఖర్చు తక్కువేం కాదు. అక్కడి ఫ్యునరల్ డైరెక్టర్ల సంఘం 2023 లెక్కలో, అందరూ వచ్చి చూసే కార్యక్రమంతో కలిపి దహనానికి మధ్యస్థ ఖర్చు 6,280 డాలర్లు. అదేమీ లేకుండా నేరుగా దహనం చేయిస్తే చాలా తగ్గుతుంది. మా టెక్సాస్‌లో మామూలుగా 48 గంటలు దాటందే దహనం చేయనివ్వరు. ఆ సంగతి తెలియక పురోహితుడి ముహూర్తం ముందు పెట్టుకుని టెన్షన్ పడే కుటుంబాలను చూస్తుంటాను.

గోదారి_గట్టు
48 గంటలా! మా దగ్గర పొద్దు వాలకముందే చేసేయాలంటారు.

పాతబస్తీ_వాసి
మాలో కూడా ఆలస్యం చేయరు. స్నానం, కఫన్ (శవానికి చుట్టే బట్ట) వరకు మసీదు కమిటీ వాళ్లు చూసుకుంటారు, దానికి పెద్దగా ఖర్చుండదు. సమస్య అంతా చోటుదే. దర్గా పక్కన ఉన్న కబ్రస్తాన్లలో సమాధికి అడిగే డబ్బు వింటే గుండె ఆగుతుంది. ముందే కుటుంబానికి చోటు లేకపోతే ఆ పూట ఊరి చివరికి వెళ్లాలి.

నారాయణగూడ_చర్చి
మాకూ అంతే. పెట్టె మంచిదా మామూలుదా అనేది తర్వాత, పాత సమాధి తెరవడానికి అనుమతి దొరకడమే కష్టం. కాగితాలు ఇంట్లో ఎక్కడున్నాయో పెద్దవాళ్లు ఉండగానే అడిగి పెట్టుకోండి.

మూసీ_ఒడ్డు
అందరికీ నమస్కారం. కాటి పనివాళ్ల సంగతి నేనసలు ఆలోచించలేదు, అడుగుతాను. కానీ రెండు రోజులు ఆపడం గురించీ, కరెంటు దహనం గురించీ ఎవరూ చెప్పలేదు. 38 వేల ఆయన డెత్ సర్టిఫికెట్ ఇప్పిస్తే ఇంకో 4 వేలు అంటున్నాడు. అది ఇవ్వాలా?

పన్నుల_లెక్క
ఇవ్వొద్దు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు లేదు. 21 దాటి 30 లోపు అయితే ఆలస్య రుసుము ఉంటుంది. శ్మశానం రసీదు, డాక్టరు కాగితం, నాన్నగారి ఆధార్, మీ ఆధార్ పట్టుకుని మీరే వెళ్లొచ్చు.

నర్సమ్మ
ఆ డాక్టరు కాగితమే అసలైంది, అందరూ దాన్ని దాటేశారు. ఆస్పత్రిలో పోతే ఫారం 4 వాళ్లే ఇస్తారు. ఇంట్లో పోతే ఫారం 4ఏ, అంటే వైద్యం చేస్తున్న డాక్టరు మరణ కారణం రాసి సంతకం పెట్టాలి. రాత్రి రెండింటికి తెలియని డాక్టరెవరూ వచ్చి రాయరు. మీ నాన్నగారిని ఇంట్లో చూస్తున్న పాలియేటివ్ (చివరి దశలో బాధ తగ్గించే) డాక్టరుతో ఈ వారమే మాట్లాడండి: "అర్ధరాత్రి అయితే ఎవరికి ఫోన్ చేయాలి?" అది లేకపోతే 22 వేలైనా 38 వేలైనా బండి శ్మశానం గేటు దగ్గర ఆగిపోతుంది.

రెండు రోజులంటే ఇంట్లో బాక్స్ వద్దు. మొదటి రోజు ఏదైనా ఆస్పత్రి మార్చురీలో ఉంచి, తమ్ముడు దిగే పూట ఇంటికి తెచ్చి బాక్స్‌లో పెట్టండి. దగ్గరలో ఏ ఆస్పత్రి బయటివాళ్లని మార్చురీలో ఉంచుకుంటుందో, రోజుకి ఎంతో సర్వీసు వాళ్లకి తెలుసు, అడగండి. కళ్లు దానం చేయాలనుకుంటే ఆరు గంటల్లోపే చేయాలి. ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచి ఐ బ్యాంకుకి ఫోన్ చేయండి. వాళ్లే వస్తారు, డబ్బు తీసుకోరు.

అద్దె_ఇల్లు
ఆస్పత్రిలో పోయినవాళ్లకి ఇది కూడా చెప్పండి మేడమ్: బిల్లు బాకీ ఉందని మా అమ్మని ఇవ్వకుండా ఆపారు. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో అలా ఆపకూడదని ఉందని తర్వాత తెలిసింది.

నర్సమ్మ
అవును, ఉంది. అలా ఆపితే రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ప్రభుత్వాస్పత్రిలో అయితే పార్థివ వాహనం ఇంటివరకు ఉచితం, బయట డ్రైవర్ల మాట వినొద్దు.

కరీంనగర్_అక్క
కరెంటు దహనం గురించి: అమ్మగారితో వాదించకండి. చితికి మామూలుగా 300, 400 కిలోల కట్టె పడుతుంది. తడి కట్టె అయితే ఎంత పెట్టినా కష్టమే. మా బాపుది ఆషాఢంలో అయింది, కట్టె రాజుకోక కిరోసిన్ పోస్తూ ఉన్నారు, అది మా అమ్మ మనసులో అలాగే ఉండిపోయింది. అందుకే చిన్నాన్నకి మిషన్ అనగానే ఆమే సరే అంది. తలకొరివి, నోట్లో బియ్యం, ప్రదక్షిణ, అన్నీ మిషన్ దగ్గర కూడా చేయనిస్తారు. అస్థికలు కూడా అదే రోజు చేతికొస్తాయి. మీ పురోహితుడితో అమ్మగారికి చెప్పించండి, కొడుకు చెప్తే ఖర్చు కోసం అనుకుంటారు.

అంబర్‌పేట_బాబాయ్
పురోహితుడు కూడా ప్యాకేజీలో వస్తే వద్దనండి. మాకు వచ్చినాయన గోత్రం కూడా అడగలేదు.

మూసీ_ఒడ్డు
మీరు చెప్పినవన్నీ వాట్సాప్‌లో పెట్టి ముగ్గురికీ పంపాను. బడ్జెట్ అడిగినాయన జవాబివ్వలేదు. 22 వేల ఆయన రాసిచ్చారు: బాక్స్ ఒక రోజుకి 3,500, రెండో రోజు మళ్లీ 3,500, మోసేవాళ్లు నలుగురు 4,000, కాటి పనివాళ్లకి 2,500, ఇవి 22 వేలకి పైన, మొత్తం కలిపి 35,500. 38 వేల ఆయన అవే కలిపి 41 వేలు, జీఎస్టీ లేదని ఒప్పుకున్నారు, సర్టిఫికెట్ 4 వేలు తీసేశారు. మొదటాయనకే ఇద్దామనుకుంటున్నాను. మా డాక్టరు రాత్రి నంబరు కూడా ఇచ్చారు.

కాటికాపరి_కొడుకు
అన్నా, ఆయన లిస్టులో పాడె వెదురు, కుండలు కనపడలేదు. అవి ఉన్నాయో లేదో కూడా రాయించుకోండి.