కప్పులో బుడగలు, బొమ్మ ముఖం మీద నీటి చుక్కలు: నా ఎయిర్‌బ్రష్‌కి ఏమైంది?

పెదవాల్తేరు_బొమ్మలు:

అందరికీ నమస్కారం. మాది పెదవాల్తేరు, బీచ్‌కి నడిచి వెళ్ళేంత దూరం. అమ్మమ్మ నాటి కొలువు బొమ్మలు మా ఇంట్లో నలభై దాకా ఉన్నాయి, దశావతారాలు, పెళ్ళి బృందం, శెట్టిగారి కొట్టు, అన్నీ మట్టివే. రంగులు బాగా వెలిసిపోయాయి, దసరాలోపు మళ్ళీ వేసి కొలువు తీర్చాలని కూర్చున్నాను. బుగ్గల మీద షేడ్ కుంచెతో ఎంత ప్రయత్నించినా మెత్తగా రాక ఎయిర్‌బ్రష్ (గాలితో రంగుని సన్నగా చిమ్మే చిన్న గన్ను) కొన్నాను. కప్పు పైన ఉండే రకం, డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు), 0.3 నాజిల్ (రంగు బయటికొచ్చే మూతి), ట్యాంకు లేని చిన్న కంప్రెసర్. క్రాఫ్ట్ షాపులో దొరికే అక్రిలిక్ రంగుల్ని నీళ్ళతో పలుచన చేసి 25 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర కొడుతున్నాను.

రెండు వారాలు బాగానే నడిచింది. ఇప్పుడు కప్పులో రంగు ఉడుకుతున్నట్టు బుడగలు వస్తున్నాయి, రంగు ఆగి ఆగి పడుతోంది. అది చాలదన్నట్టు నిన్న సాయంత్రం సీతమ్మ బుగ్గ మీద ఒక్కసారిగా నీటి చుక్కలు చిమ్మాయి, ఆరీ ఆరని రంగంతా కారిపోయింది, చాలా బాధేసింది. బంగారు రంగైతే అసలు బయటికే రావడం లేదు. పోయిన వారం శుభ్రం చేసినప్పుడు లీకు ఉండకూడదని నాజిల్‌ని స్పానర్‌తో బాగా బిగించాను, దానివల్ల ఏమైనా అయ్యిందా? రోజులు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్_ట్యాంకులు:

చెల్లెమ్మా, నేను గాజువాక ఆటోనగర్‌లో బైకు ట్యాంకుల మీద డిజైన్లు వేస్తాను. నువ్వు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు, కలిపి చూస్తే మందు దొరకదు. బుడగలు గన్నుకి సంబంధించినవి, నీటి చుక్కలు కంప్రెసర్‌కి సంబంధించినవి. ముందు కప్పు పూర్తిగా ఖాళీ చేసి, కడిగి ఆరబెట్టి, ఒక అద్దం మీద వట్టి గాలి కొట్టు, రెండు మూడు నిమిషాలు ఆపకుండా. అద్దం మీద తుంపర్లు పడ్డాయంటే అది గాలి వెంట వచ్చిన నీరే.

మన విశాఖలో ఈ బాధ అందరికీ ఉంటుంది, సముద్రపు గాలి కదా, వానాకాలంలో తేమ బాగా ఎక్కువ. కంప్రెసర్ ఆ తేమ గాలినే పీల్చి నొక్కుతుంది, నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది, వేడిగా ఉన్నంతసేపూ నీరు ఆవిరిగానే ఉంటుంది. హోస్‌లో కాస్త దూరం వెళ్ళి చల్లబడ్డాక అప్పుడు చుక్క కడుతుంది. అందుకే కంప్రెసర్‌కి ఆనించి బిగించిన వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే చిన్న బుడ్డి) చాలాసార్లు పని చెయ్యదు, ఆవిరి దాన్ని దాటిపోయి ఆ తర్వాత నీరవుతుంది. మూడు మీటర్ల హోస్ పెట్టి, మధ్యలో కొన్ని చుట్టలు చల్లటి నీళ్ళ బకెట్‌లో ముంచి, బకెట్ దాటాక ట్రాప్ పెట్టు. ట్రాప్ నిలువుగా వేలాడాలి, పడుకోబెడితే పోగైన నీరు మళ్ళీ గాలితో కలిసి పోతుంది. అరగంటకోసారి కింది వాల్వు నొక్కి నీరు వదిలెయ్యి.

ట్యాంకు లేని కంప్రెసర్ ఆపకుండా నడుస్తుంది కాబట్టి తొందరగా కాలిపోతుంది. ఇరవై నిమిషాలు కొడితే పది నిమిషాలు ఆపు. ఇంకోటి, బుగ్గల షేడ్‌కి 25 ఎందుకమ్మా, ట్రిగ్గర్ నొక్కి ఉంచి చూస్తే మీటరు 15 దగ్గర ఉంటే చాలు. రంగు పాలంత పలచగా ఉంటే ఆ ఒత్తిడికి చక్కగా వస్తుంది.

లాసన్స్‌బే_కళ:

నేనైతే గన్ను మొత్తాన్ని రాత్రంతా ఎన్‌సీ థిన్నర్‌లో (పెయింటు కరిగించే ఘాటైన ద్రావకం) నానబెట్టేస్తాను, పొద్దున్నే గుండుసూదితో నాజిల్ పొడిస్తే దారి క్లియర్ అయిపోతుంది. ఒకసారి అలా చేసి చూడండి.

మధురవాడ_మోడల్స్:

అక్కా, దయచేసి పైన చెప్పినట్టు చెయ్యకండి. నేను ఓడలు, విమానాల స్కేల్ మోడల్స్ కట్టి రంగులేస్తాను, ఆ పని చేసి ఒక నాజిల్ పోగొట్టుకున్నాను. 0.3 నాజిల్ అంటే మూతి 0.3 మిల్లీమీటర్లు, లోహం పలచటి రేకులా ఉంటుంది. గుండుసూది దూర్చితే మూతి గుండ్రదనం పోతుంది, ఆ తర్వాత ఎంత కడిగినా స్ప్రే ఒక పక్కకే పోతుంది. గన్ను మొత్తం థిన్నర్‌లో ముంచితే గాలి లీకవకుండా లోపల ఉండే రబ్బరు ఓ-రింగులు ఉబ్బిపోతాయి. ముంచాలంటే నాజిల్ ఒక్కటే, దానికి ఓ-రింగ్ ఉంటే తీసేసి, గాజు గిన్నెలో కొంచెం థిన్నర్ పోసి పావుగంట ఉంచి, తర్వాత నాజిల్‌కి అమ్మే సన్నటి బ్రష్‌తో వెనక నుంచి తుడవండి. కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని చెయ్యండి.

ఇప్పుడు మీ బుడగల సంగతి. గాలి నాజిల్ బయట నుంచి పోవాలి, రంగు నాజిల్ లోపల నుంచి రావాలి, రెండూ మూతి బయటే కలవాలి. బయటి గాలికి నాజిల్ మొదట్లో సందు దొరికితే అది లోపలికి దూరి వెనక్కి తన్నుతుంది, కప్పులో బుడగలు అవే. నాజిల్ వదులైనా, ముందు క్యాప్ సరిగ్గా కూర్చోకపోయినా, మూతి దగ్గర రంగు ఎండి అడ్డుపడినా ఇలాగే వస్తుంది. కానీ మీరు స్పానర్‌తో బాగా బిగించానన్నారు చూశారా, నా అనుమానం దాని మీదే. ఆ మర చాలా చిన్నది, వేళ్ళతో తిప్పి ఆగాక స్పానర్‌తో కొద్దిగా తాకితే సరిపోతుంది, బలం పెడితే నాజిల్ చిట్లుతుంది, ఒక్కోసారి మర విరిగి లోపలే ఉండిపోతుంది. నాజిల్ తీసి వెలుతురుకి ఎదురుగా పెట్టి ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి, వెంట్రుకంత గీత కనబడినా అది పనికిరాదు, కొత్తది వెయ్యాల్సిందే. చిట్లకపోతే మర మీద రవ్వంత తేనెమైనం రాసి బిగించండి, సందు మూసుకుంటుంది.

నాజిల్ లోపలికి వెళ్ళే గన్ను సూదిని కూడా చూడండి. మొనని గోటి మీద పడుకోబెట్టి తిప్పుతూ మెల్లగా వెనక్కి లాగితే, వంగిన చోట గోటికి తగులుతుంది. ఇంకో అలవాటు తప్పక చేసుకోండి: కప్పులో రంగు ఉండగా సూదిని వెనక్కి లాగొద్దు. ఆ తడి రంగు సూదితో పాటు ట్రిగ్గర్ దాకా వెళ్ళి అక్కడ ఎండిపోతుంది. ముందు రంగు పారబోసి, కప్పులో నీళ్ళు పోసి మెత్తటి కుంచెతో కలుపుతూ తెల్లటి గుడ్డ మీద కొట్టండి, గుడ్డకి రంగు అంటనంత వరకూ, ఆ తర్వాతే సూది తియ్యండి. తిరిగి పెట్టేటప్పుడు అది ఆగిన చోటే ఆపండి, నెట్టితే మూతి విచ్చుకుంటుంది. రంగు మార్చేటప్పుడు కూడా ముందు నీళ్ళే, కొన్ని అక్రిలిక్కుల మీద స్పిరిట్ పోస్తే తీగలు తీగలుగా గడ్డకడుతుంది.

లాసన్స్‌బే_కళ:

నా గన్ను ట్రిగ్గర్ నొక్కితే పైకి లేవడం లేదు, ఈ మధ్యనే మొదలైంది. ఓ-రింగ్ ఉబ్బిందని ఇప్పుడు అర్థమైంది. చెప్పినందుకు థ్యాంక్స్. మార్చుకోవచ్చా?

మధురవాడ_మోడల్స్:

మార్చుకోవచ్చండి. కింద హోస్ తగిలించే వాల్వు విప్పితే లోపల చిన్న ఓ-రింగ్ ఉంటుంది, పాతది పట్టుకెళ్ళి అదే సైజు తెచ్చుకోండి. కొత్తది వేశాక ఎయిర్‌బ్రష్‌కి అమ్మే లూబ్రికెంట్ ఒక్క చుక్క చాలు. సిలికాన్ స్ప్రే మాత్రం వద్దు, అది రంగులోకి చేరితే వేసిన చోట చేపకన్నుల్లా గుంటలు పడతాయి.

పెదవాల్తేరు_బొమ్మలు:

అన్నయ్యా, అద్దం మీద పరీక్ష చేశాను, మూడో నిమిషానికి తుంపర్లు మొదలయ్యాయి. బకెట్ పెట్టి ట్రాప్‌ని బల్ల అంచుకి వేలాడదీశాను, సాయంత్రం గంటసేపు కొడితే ట్రాప్‌లో నిజంగానే చెంచాడు నీరు పోగైంది, బొమ్మ మీద ఒక్క చుక్క పడలేదు. నాజిల్ విషయం మధురవాడ తమ్ముడు చెప్పిందే నిజం, ఫోన్‌లో చూస్తే పక్కన సన్నటి చీలిక స్పష్టంగా కనబడింది. కొత్తది తెప్పించి ఈసారి వేళ్ళతోనే తిప్పాను, బుడగలు పోయాయి. సీతమ్మ బుగ్గ కడిగేసి, ప్రైమర్ వేసి మళ్ళీ మొదటి నుంచి చేశాను, అమ్మ చూసి చాలాసేపు అక్కడే నిలబడింది.

బంగారు రంగు మాత్రం ఇంకా మొరాయిస్తోంది.

ఆటోనగర్_ట్యాంకులు:

బంగారు రంగులో అభ్రకం పొడి ఉంటుందమ్మా, ఆ రేకులు 0.3 మూతిలో ఇరుక్కుంటాయి. నీ గన్నుకి సరిపోయే 0.5 నాజిల్ సెట్టు దొరుకుతుందేమో చూడు, దానికి సూది, క్యాప్ కూడా 0.5వే కావాలి. రంగుని పాత నైలాన్ మేజోడు గుడ్డలో వడకట్టు, అడుగున పేరుకుపోకుండా కలుపుతూ ఉండు, ఒత్తిడి 20 దాకా పెంచుకో. అది దొరక్కపోతే కిరీటాలు కుంచెతో వెయ్యి, బంగారానికి కుంచె బాగానే పనికొస్తుంది.

పెదవాల్తేరు_బొమ్మలు:

సెట్టు ఆర్డర్ పెట్టాను, నాలుగు రోజుల్లో వస్తుందట. ఈలోపు శెట్టిగారి కొట్టులో బియ్యం బస్తాలకి షేడ్ ఇస్తున్నాను.