సమస్య: శిష్యుఁ డొకఁడు గురుని శిరముఁ గాల్చె

తాటాకు (నిర్వహణ):
ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. వినడానికి దారుణంగా ఉంది కదా, అందుకే ఇచ్చాను. గురువంటే బెత్తం పట్టిన పంతులుగారే కానక్కర్లేదు. ఒకసారి తలెత్తి ఆకాశం చూసి రాయండి.

వేపచెట్టు:
తార గురుని సతిని దరిఁజేర్చుకొనె నాఁడు
చంద్రుఁ డనెడి కొంటె ఛాత్రుఁ డొకఁడు
పగిలె గుండె సిగ్గు పరితాప మెగఁదట్టె
శిష్యుఁ డొకఁడు గురుని శిరముఁ గాల్చె

తాటాకు:
బృహస్పతి శిష్యుడు చంద్రుడేనని పట్టుకున్నారు, భేష్. రెండో పాదంలోనూ నాలుగులోనూ 'ఒకఁడు' పడింది, అది సవరించుకోవాలి. పైగా పగిలింది గుండె అయితే కాలింది తల ఎలా అయింది?

చింతపిక్క:
నాది కొత్త చెయ్యి, తప్పులుంటే చెప్పండి.
పచ్చ వెలుఁగుతెరలు బలువన్నెలై యాడ
మబ్బు మీఁదఁ బసిఁడి మంట లెగయ
సూర్య పవనమొకటి సొరఁబాఱె గురునిపై
శిష్యుఁ డొకఁడు గురుని శిరముఁ గాల్చె

లెక్కలమాస్టారు:
గణాలు, యతులు నిక్షేపంగా ఉన్నాయి. తప్పంతా ఖగోళంలోనే. మీరు వర్ణించినవి ధ్రువకాంతులు, అంటే ధ్రువాల దగ్గరి ఆకాశంలో ఆడే వెలుగులు. మన భూమి మీద వాటి పచ్చ రంగు ఆక్సిజన్ సొత్తు. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు వంద కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో ఆక్సిజన్ పరమాణువులను గుద్దితే పచ్చ (తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు), 200 కిలోమీటర్లు దాటాక ఎరుపు (630 నానోమీటర్లు). 2024 మేలో లద్దాఖ్‌లోని హాన్లేలో కనిపించింది ఆ ఎరుపే. గురుగ్రహం మీద గాలంతా దాదాపు హైడ్రోజన్, హీలియం. ఎలక్ట్రాన్ల దెబ్బకు అక్కడ పుట్టేది ప్రధానంగా అతినీలలోహితం, పరారుణం. మన కళ్లకు ఆనవు. ఇంకో మాట, అక్కడి ధ్రువకాంతులకు సౌరపవనం (సూర్యుడి నుంచి వీచే కణాల గాలి) పెద్ద దిక్కు కాదు. అన్నిటికీ మించి, మీ పద్యంలో శిష్యుడెక్కడమ్మా?

చింతపిక్క:
అయ్యో, శిష్యుణ్ణే మరిచిపోయాను! మాస్టారూ, అసలు 'ఎలక్ట్రాను' అన్న మాటను ఆటవెలదిలో ఎక్కడ ఇరికించాలి?

తాటాకు:
ఎ-లక్-ట్రా-ను. లఘువు, రెండు గురువులు, మళ్లీ లఘువు. విడిగా ఏ సూర్యగణంలోనూ ఇంద్రగణంలోనూ పట్టదు. 'ఎ'ని ముందు గణం చివరికి తోసేస్తే 'లక్ట్రాను' తగణమై కూర్చుంటుంది. నాలుగో గణంలో పెడితే మాత్రం యతి 'ల'తో వెయ్యాలి. అంత తంటా ఎందుకు, కింద లెక్కలమాస్టారు ఏం చేశారో చూడండి.

లెక్కలమాస్టారు:
గంధకమ్ముఁ గక్కు కడుచిన్న చంద్రుండు
ఋణకణముల తోడ ఋణముఁ దీర్చె
కానరాని తీఁగఁ గైకొని కొనకేఁగి
శిష్యుఁ డొకఁడు గురుని శిరముఁ గాల్చె

చంద్రుడంటే ఇక్కడ గురుగ్రహపు ఉపగ్రహం అయో, ఋణకణాలంటే ఎలక్ట్రాన్లు. 1610లో గెలీలియో చూసిన నాలుగింట్లో ఒకటి. గురువుకు సుమారు 4,22,000 కిలోమీటర్ల దూరంలో, 42న్నర గంటలకో చుట్టు. దాని అగ్నిపర్వతాల పుణ్యమా అని సెకనుకు టన్ను దాకా గంధకం, ఆక్సిజన్ అంతరిక్షంలోకి పోతుంటాయి. గురువేమో పది గంటల్లోపే తనచుట్టూ తాను తిరిగేస్తాడు, ఆయనతో పాటే ఆయన అయస్కాంత క్షేత్రమూ. ఆ క్షేత్రం అయోను వెనక నుంచి రాసుకుంటూ పోతుంటే పుట్టే అలలు బలరేఖల వెంట పరుగెత్తి ఎలక్ట్రాన్లను ఉరికిస్తాయి. అవి పోయి ధ్రువాల దగ్గరి గాలిలో పడిన చోట ఒక మచ్చ వెలుగుతుంది. దాన్ని తొలిసారి 1993లో పరారుణంలో పట్టుకున్నారు. అయో కదిలితే మచ్చా కదులుతుంది. కానరాని తీగ అన్నది అందుకే.

తాటాకు:
గురుఋణం ఋణకణాలతో తీర్చడం! ఈ పాదానికి వీరతాడు వేశాను. అయినా రెండు అభ్యంతరాలున్నాయి. 'కొనకేఁగి' అంటే చంద్రుడే ధ్రువానికి వెళ్లినట్టుంది. వెళ్లింది కణాలు. 'కొనకంపి' అనండి, గణం చెడదు. అయో 'కడు చిన్న' కాదు, మన చందమామ కన్నా ఓ పిసరు పెద్దదే.

లెక్కలమాస్టారు:
'కొనకంపి' శిరోధార్యం. 'కడుచిన్న' మాత్రం వదలను, గురువు పక్కన నిలబెడితే ఎవరైనా చిన్నే.

వేపచెట్టు:
మరి 'కాల్చె' నిజమేనా? మచ్చ వెలిగినంత మాత్రాన తల కాలుతుందా?

లెక్కలమాస్టారు:
మంచి చోటే నొక్కారు. ఎండ ఒక్కటే లెక్కేస్తే గురుగ్రహం పై వాతావరణం సున్నాకు 70 డిగ్రీల దరిదాపు కిందుండాలి. కొలిస్తే 400 సెల్సియస్ దాటింది. ధ్రువకాంతుల దగ్గర పుట్టిన వేడి మధ్యరేఖ దాకా పాకుతోందని 2021లో హవాయిలోని కెక్ టెలిస్కోపు పరిశీలనలు చూపాయి. అయితే ఆ వేడిలో సింహభాగం అయో మచ్చది కాదు, ధ్రువం చుట్టూ ఉన్న పెద్ద వెలుగు వలయానిది. ఆ వలయానికి కావలసిన సరుకు మాత్రం అయో కక్కినదే, శక్తి గురువుగారి సొంత తిరుగుడుది. కట్టెలు శిష్యుడివి, నిప్పు గురువుది.

వేపచెట్టు:
అయితే కేసు కొట్టేయాలి.

చింతపిక్క:
సవరించాను:
కంటి కందనట్టి కాంతులే తలపైన
మబ్బు మీఁదఁ గనని మంట లెగయ
సొంత చంద్రుఁ డూఁద సుడివడెఁ గణములు
శిష్యుఁ డొకఁడు గురుని శిరముఁ గాల్చె
పచ్చ తెరలు తీసెయ్యడానికే మనసు రాలేదు.

తాటాకు:
ఇప్పుడు శిష్యుడొచ్చాడు. 'కనని మంట' కొంచెం కుంటుతోంది, చూసుకోండి. పచ్చ రంగు పారెయ్యకండి, కుజుడి మీద పద్యానికి పనికొస్తుంది. 2024 మార్చిలో నాసా వారి పర్సెవరెన్స్ రోవర్ అక్కడి రాత్రి ఆకాశంలో పచ్చ వెలుగే పట్టింది. తెరలు కాదు లెండి, పలచగా ఆకాశమంతా.