ఆటిజం ఉన్న ఉద్యోగికి పని ఎట్లా చెప్పాల?

ప్రశ్న (అనంతపురం): మా స్పేర్‌పార్ట్స్ గోడౌన్‌లో స్టాక్ ఎంట్రీ చేసే పిల్లోడికి ఆటిజం. లెక్క తప్పడు. నాలుగు పనులు ఒకేసారి నోటితో చెప్తే మాత్రం ఆగిపోతాడు. ఏం చేయాలన్నా?

జవాబు (కర్నూలు): వాట్సాప్‌లో రాసివ్వండి. ఒక మెసేజ్‌కు ఒకే పని: ఏ ర్యాక్, ఎన్ని ఐటెమ్‌లు, ఎన్నింటికి ముగియాల. ‘కొంచెం తొందరగా’ వద్దు, ‘మూడింటికల్లా’ అనండి. మధ్యలో పని మారిస్తే ముందుది ఆపాలా, ముగించాలా అనేది కూడా రాయండి. ఎక్కువ తడబాటు అక్కడే.

జవాబు (కడప): సీటు కూడా చూడండి. లోడింగ్ గేటు పక్కన కేకలు, మిణుకుమనే ట్యూబ్‌లైట్ ఉంటే రాసిచ్చినా ఫలితముండదు. లోపలి గోడవైపు మార్చి, ఇయర్‌మఫ్స్ ఇవ్వండి. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేచోట అవి తీయాల్సిందే, హారన్ వినపడాల.

జవాబు (కర్నూలు): 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థకైనా సమాన అవకాశాల పాలసీ ఉండాల. అతను ఒప్పుకోకుండా తోటివాళ్లకు అతని ఆటిజం సంగతి చెప్పొద్దండి.