విమాన భాగాల సంస్థలో క్వాలిటీ ఇంజనీరు ఉద్యోగం: అంతా కాగితాల పనేనా?

ప్రశ్న:
మూడేళ్లుగా కార్ల విడిభాగాల సంస్థలో క్వాలిటీ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. విమాన భాగాలు తయారుచేసే సంస్థలో ఇదే హోదాలో అవకాశం వచ్చింది. అక్కడ కొలిచే పనికన్నా కాగితాల పనే ఎక్కువని తెలిసినవారు అంటున్నారు. ఈ రంగంలో ఉన్నవారు అసలు తేడా ఎక్కడుందో వివరించగలరు.

సమాధానం 1:
కాగితాలు ఎక్కువన్న మాట నిజమేనండి. కొత్త భాగం తయారైనప్పుడు ఏఎస్9102 అనే విమాన రంగ ప్రమాణం ప్రకారం ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్ (తొలి భాగపు పూర్తి తనిఖీ) జరిపి, డ్రాయింగులోని ప్రతి కొలతకూ ప్రతి నోట్‌కూ సంఖ్య వేసి, వచ్చిన ఫలితాన్ని దాని ఎదుట నమోదు చేయాలి. తయారీ రెండేళ్లు ఆగిపోతే ఆ పని మళ్లీ చేయాలి. కార్ల రంగంలో పీపీఏపీ (కొత్త భాగానికి కొనుగోలుదారు ఆమోదం పొందే ప్రక్రియ) చేసిన మీకు ఇది మరీ కొత్తగా అనిపించదు. అయితే హీట్ ట్రీట్‌మెంట్ వంటి ప్రక్రియ సవ్యంగా జరిగిందో లేదో, పూర్తయిన భాగాన్ని కొలిచినంత మాత్రాన తేల్చి చెప్పలేము. కొలిమి ఉష్ణోగ్రత రికార్డు, లోహపు హీట్ నంబరు (ఏ విడతలో కరిగించిన లోహమో చెప్పే సంఖ్య), ఆ పని చేసినవారి అర్హత, ఇవే సాక్ష్యాలు. నాడ్‌క్యాప్ (విమాన రంగంలో ప్రత్యేక ప్రక్రియలను తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే కార్యక్రమం) గుర్తింపు అడిగేది కూడా ఇలాంటి ప్రక్రియలకే. ఆ వరుసలో ఒక్క రికార్డు దొరకకపోతే నిగనిగలాడే భాగం కూడా తుక్కు కిందికే పోవచ్చు.

సమాధానం 2:
నా అనుభవంలో కాగితాలకన్నా కష్టమైనది భాగాన్ని ఆపడం. రంధ్రం వ్యాసం హద్దుకన్నా 0.02 మి.మీ. ఎక్కువ వచ్చిందనుకోండి, "ఫరవాలేదు, పనికొస్తుంది" అనే అధికారం మనది కాదు, డిజైన్ బాధ్యత ఉన్నవారిది. ఎన్‌సీఆర్ (లోపాన్ని నమోదు చేసే నివేదిక) రాసి, భాగాన్ని విడిగా తాళం వేసి ఉంచి, వారి నిర్ణయం కోసం ఆగాలి. నెలాఖరులో డిస్పాచ్ వారు బల్ల ముందు నిలబడి ఉండగా అలా ఆగడం తేలిక కాదు. 1990లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం గాలిలో ఉండగా కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. దాన్ని బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండవలసిన వ్యాసంకన్నా సన్ననివి. భాగాల జాబితా చూడకుండా, పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి తీసుకున్నవి. అది మరమ్మతులో జరిగిన పొరపాటే అయినా "సరిపోతుందిలే" అన్న ధోరణి మాత్రం తయారీలోనూ అదే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. చేరేముందు ఆ సంస్థ గురించి ఏం తెలుసుకోవాలి?

సమాధానం 2:
అక్కడి క్వాలిటీ అధిపతి ఎవరికి జవాబుదారీయో ఇంటర్వ్యూలో అడగండి. ఉత్పత్తి అధిపతికే అని చెబితే మరోసారి ఆలోచించండి.