ఆర్‌ఎంకి మైనస్ ఐ ఎలియాస్ పెట్టుకోవడం మంచి అలవాటేనా?

కొత్తకుండ: లినక్స్‌లో ఫైళ్లు తీసేసే కమాండ్ ఆర్‌ఎం కదా, బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైల్లో) ఆర్‌ఎం అంటే "ఆర్‌ఎం మైనస్ ఐ" అని ఎలియాస్ (కమాండ్‌కి మారుపేరు) రాసుకున్నాను. ఇప్పుడు ప్రతి ఫైలూ తీసే ముందు అడుగుతోంది. మా లీడ్ చూసి తీసెయ్ అన్నారు, కారణం చెప్పలేదు. ఎవరు కరెక్ట్?

పాతచింతకాయ: మీ లీడే. రెడ్‌హ్యాట్ లినక్స్‌లో రూట్‌కి (అన్ని అధికారాలున్న ఖాతాకి) ఈ ఎలియాస్ ముందే పెట్టి ఇస్తారు, దానికి అలవాటు పడ్డవాళ్లు "ఆర్‌ఎం స్టార్" (ఇక్కడున్న ఫైళ్లన్నీ తీసెయ్ అని) కొట్టేసి అడిగినప్పుడల్లా వై, ఎన్ నొక్కుతూ ఏరుకుంటారు, అదే చెయ్యి ఆ ఎలియాస్ లేని ఉబుంటు లినక్స్ సర్వర్ మీద పడితే అక్కడ అడిగేవాడు లేడు. కావాలంటే "డెల్" అని వేరే పేరు పెట్టుకోండి. ఆ ఎలియాస్ లేని చోట "కమాండ్ నాట్ ఫౌండ్" వస్తుంది, ఏదీ పోదు.

రాత్రిషిఫ్ట్: పక్కింటికి గడియ లేదని మన తలుపుకీ పీకేస్తామా? ప్రతిసారీ అడిగితే విసుగనుకుంటే పెద్ద ఐ పెట్టుకోండి. మూడు ఫైళ్లు దాటితేనో, ఫోల్డర్ మొత్తం తీస్తుంటేనో ఒక్కసారే అడుగుతుంది.

పాతచింతకాయ: ఏ ఐ అయినా, వెనక మైనస్ ఎఫ్ (అడక్కుండా తీసెయ్ అని) తగిలితే అడగడం మానేస్తుంది.

రాత్రిషిఫ్ట్: నేను ఎఫ్ మాట ఎత్తలేదు.

పాతచింతకాయ: మీరు ఎత్తకపోయినా జనం వేళ్లకి పట్టేసింది "మైనస్ ఆర్‌ఎఫే" (ఫోల్డర్లతో సహా, అడక్కుండా తీసెయ్ అని).

గోడమీదపిల్లి: ముందు అదే ప్యాటర్న్ ఎల్‌ఎస్‌తో (ఫైళ్ల పేర్లు చూపించే కమాండ్‌తో) కొట్టి చూసుకోండి, తర్వాత పై బాణం నొక్కి ఎల్‌ఎస్‌ని ఆర్‌ఎం చేయండి. గొడవే ఉండదు.

రాత్రిషిఫ్ట్: రాత్రి రెండున్నరకి డిస్క్ నిండి అలారం మోగుతుంటే ఎల్‌ఎస్ ఎవరు కొడతారండీ. ఉద్యోగంలో చేరిన మూడో వారం, పాత లాగ్స్ తీసెయ్యమన్నారు. లాగ్స్ స్లాష్‌కీ స్టార్‌కీ మధ్య ఒక స్పేస్ పడింది, లాగ్స్‌తో పాటు ఆ డైరెక్టరీలో ఉన్నవన్నీ ఊడ్చుకుపోయాయి. మర్నాడు మీటింగ్‌లో సీనియర్ అందరి ముందూ "చదవకుండా ఎంటర్ కొట్టేవాడికి సర్వర్ ఎందుకు" అన్నాడు. ఒక్కసారి అడిగి ఉంటే ఆగేవాణ్ణి.

పాతచింతకాయ: ఆ రోజు ఎఫ్ కొట్టారా లేదా?

రాత్రిషిఫ్ట్: కొట్టాను. అయితే?

పాతచింతకాయ: అయితే మీ ఎలియాస్ ఉన్నా పోయేవే. ఇందాకటి నుంచీ చెప్పేది అదే.

రాత్రిషిఫ్ట్: మీరూ అచ్చం ఆయనలాగే మాట్లాడుతున్నారు. మూడు వారాల వాడికి సుడో (రూట్ అధికారం) ఇచ్చినవాళ్లకీ, నెలల తరబడి బ్యాకప్ ఆగిపోయినా చూడనివాళ్లకీ ఏ తప్పూ లేదు, నా స్పేస్‌బార్‌దే తప్పంతా!

పాతచింతకాయ: బ్యాకప్ లేదా? అది కదా ముందు చెప్పాల్సింది! ఆ విషయంలో నేను మీ వైపే. ఎలియాస్ మాత్రం తీసెయ్యండి.

రాత్రిషిఫ్ట్: తీయను.

కొత్తకుండ: నేను "డెల్"కి మార్చుకున్నాను. మన సర్వర్‌కి బ్యాకప్ ఉందా అని లీడ్‌ని అడిగితే "చూద్దాంలే" అన్నారు.