పరుగుకు గుండె వేగం చూపే వాచీ: దేన్ని చూసి కొనాలి?

ప్రశ్న:
నాకు 52 ఏళ్లు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున పరుగెత్తుతున్నాను. ఆగస్టు మారథాన్‌లో హాఫ్ పూర్తి చేయాలని కోరిక. ప్రస్తుతం నా దగ్గరున్న ఫిట్‌నెస్ బ్యాండు, పక్కవారితో కబుర్లు చెప్పుకుంటూ నిదానంగా పరుగెత్తుతున్నప్పుడు కూడా గుండె వేగం నిమిషానికి 172 అని చూపిస్తోంది. ఆయాసమేమీ లేదు. పాతిక వేల లోపు నమ్మదగిన వాచీ ఏదో దయచేసి సూచించగలరు.

మొదటి సమాధానం:
మీరు చెప్పిన 172 గుండెది కాకపోవచ్చునండి, పాదాలది కావచ్చు. వాచీ అడుగున వెలిగే ఆకుపచ్చ కాంతిని రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం పెరిగి తగ్గడం వల్ల తిరిగివచ్చే కాంతిలో కలిగే హెచ్చుతగ్గులను సెన్సర్ లెక్కిస్తుంది. అయితే పరుగులో చెయ్యి ఊగే లయ కూడా అదే కాంతిని కదిలిస్తుంది కాబట్టి, పట్టీ వదులుగా ఉంటే వాచీ నాడిని వదిలేసి అడుగులను పట్టుకుంటుంది. చాలామంది అడుగులు నిమిషానికి 160, 180 మధ్యనే పడతాయి. రేపు 30 సెకన్లపాటు కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి, దాన్ని నాలుగుతో హెచ్చించి చూడండి. వాచీని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన, బిగుతుగా కట్టుకోండి.

రెండవ సమాధానం:
వాచీ కంటే ముందు ఛాతీ పట్టీ కొనమని నా సలహా. అది కాంతితో కాక, ఈసీజీలాగా గుండె విద్యుత్ సంకేతాలతో పనిచేస్తుంది; అందుచేత వేగం హఠాత్తుగా పెంచి తగ్గించే ఇంటర్వెల్ పరుగుల్లోనూ అంతగా వెనకబడదు. పోలార్ హెచ్10 వంటి పట్టీ బ్లూటూత్, యాంట్ ప్లస్ (క్రీడా పరికరాలు వాడే మరో వైర్‌లెస్ పద్ధతి) రెండింటి ద్వారానూ వాచీకో ఫోనుకో కలుస్తుంది. యాపిల్ వాచీకి యాంట్ ప్లస్ లేదు గాని బ్లూటూత్ చాలు. చవక బ్యాండ్లలో చాలావాటికి బయటి పట్టీని కలిపే వీలే ఉండదు కనుక దుకాణంలో మొదట అడగవలసింది ఇదే. కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లను, అంటే పట్టీలో చర్మానికి ఆనే భాగాలను, తడపాలి (మన వాతావరణంలో పది నిమిషాలకే చెమట ఆ పని చేసిపెడుతుంది), తర్వాత నీళ్లతో కడగాలి.

మూడవ సమాధానం:
పై ఇద్దరితో ఏకీభవిస్తూ ఒక మాట. వాచీలో జోన్లు (శ్రమను బట్టి గుండె వేగాన్ని విభజించిన అంచెలు) సాధారణంగా 220లోంచి వయసు తీసివేసి గరిష్ఠ గుండె వేగాన్ని అంచనా వేసే సూత్రంతో వస్తాయి, అంటే మీకు 168. వయసును 0.7తో హెచ్చించి 208లోంచి తీసివేసే మరో సూత్రం ప్రకారం సుమారు 172. రెండూ సగటు అంచనాలే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే గుండె వేగం అంత పెరగదు, అప్పుడు ఈ జోన్లు వర్తించవు, వైద్యుణ్ని అడగండి. వాచీల విషయానికొస్తే, చెమటచేతులతో టచ్ తెర మొరాయిస్తుంది కనుక బటన్లున్న గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 వంటిది నాకు నచ్చుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం లెక్కపెట్టాను: 30 సెకన్లలో కుడికాలు 43 సార్లు పడింది, అంటే సరిగ్గా 172! మిత్రుని ఛాతీ పట్టీ అడిగి కట్టుకుంటే అదే వేగానికి 138 చూపించింది. బీపీకి నేను వాడేది టెల్మిసార్టాన్, బీటా బ్లాకర్ కాదు. ముందు పట్టీ కొని ఫోనుకు కలుపుకుంటాను, వాచీ సంగతి జీతం వచ్చాక చూస్తాను.