చాకుతో గీకితే పొడిలా రాలుతున్న బీడు పైపు, క్లాంపు వేయించమంటారా?

ప్రశ్న:
మా కాలనీ లోపల నాలుగంగుళాల బీడు పైపు లైను ఉంది, వేసి నలభై ఏళ్లు దాటింది. లీకవుతోందని మొన్న తవ్వించాం. మాది నల్లరేగడి నేల. పైపు పైకి గుండ్రంగా, పెచ్చులేమీ లేవకుండా బాగానే కనబడింది, తీరా పార తగిలితే ఆ చోట గుంట పడింది. చాకుతో గీకితే పెన్సిల్ ముల్లు పొడిలా నల్లగా రాలి వేలికి అంటుకుంది. ఇనుము ఇలా మెత్తబడటం నేనెప్పుడూ చూడలేదు. ప్లంబరేమో క్లాంపు వేస్తే చాలంటున్నాడు.

జవాబు 1:
మీ వేలికి అంటింది నిజంగా పెన్సిల్ ముల్లేనండి, గ్రాఫైటు. బీడులో నూటికి మూడు పాళ్లు, అటూఇటూగా, కార్బన్ ఉంటుంది, అది సన్నటి గ్రాఫైటు రేకులుగా లోపలంతా అల్లుకుని ఉంటుంది. తడినేలలో ఆ గ్రాఫైటుకూ ఇనుముకూ మధ్య బ్యాటరీలో లాగా కరెంటు పుట్టి ఇనుము కరిగిపోతుంది, గ్రాఫైటూ తుప్పూ కలిసిన గూడు మాత్రం పాత ఆకారంలోనే నిలబడుతుంది. అందుకే చూస్తే ఏమీ తెలియదు. నల్లరేగడి అయితే మరీ ఘోరం, చెమ్మనూ ఉప్పులనూ పట్టి ఉంచుతుంది, పైగా ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బి పైపును వంచాలని చూస్తుంది. మంచి బీడే వంగదు, ఇక ఇదెక్కడ వంగుతుంది, అడ్డంగా పుటుక్కుమంటుంది. క్లాంపు బోల్టులు బిగిస్తుండగానే పగిలిన పైపులు నా సర్వీసులో చాలా చూశాను. ముందు నీళ్లు ఆపి, రెండు వైపులా మట్టి తీయించి, సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. మొద్దుగా మోగినంత మేరా తీసేసి, ఖంగుమన్న చోట కోయించండి.

జవాబు 2:
ముక్క మార్చేముందు ఒక్కమాట. మా అపార్టుమెంటులో అలాగే ఒక్క డీఐ (డక్టైల్ ఐరన్ అనే రకం ఇనుప పైపు) ముక్క వేయించి, చుట్టూ మంచి ఇసుక పోయించాం, ఐదేళ్లకే ఆ కొత్తదానికి చిల్లు, పక్కనున్న పాతది చెక్కుచెదరలేదు! నాసిరకం వేశాడని కాంట్రాక్టరుతో గొడవ కూడా పడ్డాం.

జవాబు 1:
పాపం ఆయన తప్పు కాకపోవచ్చు. గ్రాఫైటు తేలిన పాత పైపుకు కొత్త ఇనుము అతికిస్తే, ఇందాక చెప్పిన బ్యాటరీ లెక్కనే, కొత్తదే ముందు పోతుంది. ఇసుక సంగతంటారా, రేగడిలో తవ్విన గోతిలో ఇసుక పోస్తే చుట్టుపక్కల నీరంతా దాంట్లోకే దిగుతుంది, పోయే దారి ఉండదు. డీఐ వేస్తే పైన పాలిథిన్ స్లీవు (గొట్టంలాంటి తొడుగు) తొడిగించాలి, అదీ చిరుగుల్లేకుండా. ప్రశ్న అడిగినవారి కాలనీది చిన్న లైనే కాబట్టి నన్నడిగితే మొత్తం తీసేసి హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్ పైపు) వేయించుకోమంటాను.

జవాబు 3:
మీకు నీళ్లు రోజంతా వస్తాయా, గంటో రెండు గంటలో వదులుతారా? ఆపేశాక పైపులో ప్రెషర్ ఉండదు, చిల్లుంటే బయటి మురికి లోపలికి లాగేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
గంటేనండి. డ్రైనేజీ లైను కూడా పక్కనుంచే పోతోంది, ఇప్పుడు అదో టెన్షన్. మొత్తం మార్చాలంటే అసోసియేషన్‌లో డబ్బుల దగ్గర పేచీ వస్తుంది, అందుకే తీసేసిన ముక్కా, ఓ చాకూ పట్టుకుని ఆదివారం మీటింగుకు వెళ్తున్నా. వాళ్లనే గీకి చూడమంటా.